అర నిమిషం ఎవరూ ముట్టుకోకూడదు

మా ఆవిడ స్కూటరు వెనక సీటు మీద నేను పద్నాలుగు నెలలు కూర్చున్నాను. సరదాకి కాదు. నాది పత్తి చూసే ఉద్యోగం. సత్తెనపల్లి దగ్గర, పత్తిలో గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు తరఫున ఊళ్ళమ్మట తిరిగి, రైతులు ఇళ్ళ ముందు పోసిన పత్తిలో చెయ్యి పెట్టి, తేమ చూసి, పింజ పొడవు లాగి చూసి, అది మాకు పనికొస్తుందో రాదో చెప్పాలి. ఇరవై రెండేళ్ళు ఆ పని మోటారు సైకిలు మీదే చేశాను. పొద్దున ఏ ఊరు వెళ్ళాలో, ఎక్కడ టీ తాగాలో, ఎవరి గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిపోవాలో అంతా నా ఇష్టం. ఉద్యోగంలో నాకు నచ్చింది పత్తి కాదు, ఆ తిరుగుడు.

ఒకరోజు మిల్లు దగ్గర పత్తి దింపుతుంటే ట్రాక్టరు ట్రక్కు వెనక తలుపు ఊడి నా కుడి మోచేతి మీద పడింది. గుంటూరులో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది. కానీ మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. చిటికెన వేలు, దాని పక్క వేలు, వాటి కింద అరచేతి అంచు మొద్దుబారిపోయాయి. గిచ్చినా తెలియదు. బొటనవేలు, చూపుడువేలు బాగానే ఉన్నాయి కాబట్టి పింజ లాగి చూడటానికి ఇబ్బంది లేదు, ఉద్యోగం పోలేదు. ఇంట్లో మాత్రం “కాస్త తిమ్మిరి, తగ్గిపోతుంది” అన్నాను. అడిగినప్పుడల్లా “బాగా తగ్గింది” అన్నాను. అలా పద్నాలుగు నెలలు అది తగ్గుతూ వచ్చింది.

మా ఆవిడ నా కోసం నలభై ఏడేళ్ళ వయసులో స్కూటరు నేర్చుకుంది. హైస్కూలు గ్రౌండులో నాలుగు రోజులు తిప్పింది, ఐదో రోజు నన్ను ఎక్కించుకుని రోడ్డెక్కింది. నేను వెనక కూర్చుని ఎదురుగా గేదె కనపడితే కాలితో బ్రేకు తొక్కేవాణ్ణి.

“మీరు వెనక కూర్చుని గాల్లో బ్రేకు తొక్కితే బండి ఆగదండీ,” అనేది.

“ఆగదని నాకూ తెలుసు,” అనేవాణ్ణి. మళ్ళీ తొక్కేవాణ్ణి.

ఊళ్ళలో రైతులు ఊరుకుంటారా? “ఏం బాబాయ్, పిన్ని తీసుకొస్తే గానీ రాలేకపోతున్నావే!” అని ఒకడు. “పిన్నీ, బాబాయ్‌ని జాగ్రత్తగా దించు, పగిలిపోతాడు,” అని ఇంకొకడు. మొదటి నెల అంతా ఇదే. రెండో నెల నుంచి మా ఆవిడ కూడా పత్తిలో చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. నేను పై పత్తి చూస్తుంటే, తను మోచేతి దాకా అడుక్కి దించి, “అడుగున తడిగా ఉందేంటి తమ్ముడూ, నీళ్ళు కొట్టారా?” అని అడిగేసింది. నిజంగానే కొట్టారు. అప్పట్నుంచి ఏ ఊరు వెళ్ళినా టీ ముందు ఆమెకిచ్చి తర్వాత నాకిచ్చేవారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని అందరూ నాకు నచ్చజెప్పారు. అందరూ సొంత బండ్ల మీద వచ్చి నచ్చజెప్పారు.

చెప్పకేం, నాకు ఏడుపొచ్చేది. కట్టింగు షాపుకి వెళ్ళాలన్నా ఆమె స్నానం అయ్యేదాకా చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడాలి. యాభై మూడేళ్ళ మనిషిని, ఎవరో ఒకరు ఎక్కించుకుని ఎవరో ఒకరు దించాల్సిన మూటలా తయారయ్యాను. మళ్ళీ నా బండి నేను నడుపుకోవాలి, అంతే. అంతకు మించి దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

పాత బండి నాతో కాలేదు. దాని యాక్సిలరేటరు కేబులు బిగుతు. తిప్పి పట్టుకోవాలంటే గుప్పిట్లో బలం ఉండాలి. ఒకసారి ఇంటి ముందే ప్రయత్నిస్తే చెయ్యి జారి బండి ఆగిపోయింది, వీధంతా చూసింది. దాన్ని అమ్మేశాను. ఆ సంగతి సత్తెనపల్లిలో నా బండి ఎప్పుడూ చేసే మెకానిక్కుకి చెప్పాను. ఊరంతా ఆయన్ని భాయ్ అంటుంది, నేనూ అంతే. ఆయన చెయ్యి తుడుచుకుంటూ, “ఇప్పుడు కేబులు లేని బండ్లొస్తున్నాయన్నా,” అన్నాడు. “గ్రిప్పు దగ్గర సెన్సరు ఉంటది. నువ్వెంత తిప్పావో అది వైరులో ఇంజనుకి చెప్పుద్ది. లాగాల్సిందేం లేదు. వేలు ఆనిస్తే తిరుగుద్ది.”

వేలు ఆనిస్తే తిరుగుతుందన్న మాట వారం రోజులు నా చెవిలో తిరిగింది. చివరికి దర్శిలో ఒక కుర్రాడు వాడిన బండి అమ్ముతుంటే భాయే వెళ్ళి చూసి తెచ్చాడు. బండి బాగుంది. హ్యాండిలు మాత్రం కిందికీ ముందుకీ ఉంది. దాన్ని అందుకోవాలంటే హెడ్‌లైటుకి ముద్దు పెట్టేలా వంగాలి. నా మోచెయ్యి అంత దూరం చాపుకోదు. సన్నటి గ్రిప్పులు, అవీ పట్టు దొరకవు. కాబట్టి పైకి లేచి వెనక్కి వంగిన హ్యాండిలు, లావుగా మెత్తగా ఉండే గ్రిప్పులు వేయించాలని నిర్ణయించాను.

“ఇప్పుడు మళ్ళీ బండెందుకండీ? నేను తీసుకెళ్తున్నాగా,” అంది మా ఆవిడ.

“అదే కష్టంగా ఉంది.”

ఆ మాట అనాల్సింది కాదు. ఆమె నా కుడి చెయ్యి వైపు చూసింది. తర్వాత, “ఆ చెయ్యి నిజంగా తగ్గిందా?” అని అడిగింది.

“తగ్గిందన్నాగా.”

“అయితే సరే. చెయ్యి బాగుంటే నడుపుకోండి, నాదేం పోయింది.”

శుక్రవారం నమాజు అయ్యాక రమ్మన్నాడు భాయ్. మా ఆవిడే దింపింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరి బండి మీద వాళ్ళం వెళ్తామన్నది నా లెక్క. ఆమె షాపు ముందు స్టూలు మీద కూర్చుంది, నేను బండి పక్కన నిలబడ్డాను.

పని చూడముచ్చటగా జరిగింది. పాత గ్రిప్పుని బ్లేడుతో కోసి తీశాడు. స్విచ్చులు ఉండే పెట్టెలు రెండూ విప్పాడు. కుడి వైపు యాక్సిలరేటరు గొట్టం లోపల, సెన్సరు కింద, పెసరగింజంత బొడిపె ఒకటి ఉంది. అది హ్యాండిలుకి ఉన్న బెజ్జంలో కూర్చుంటేనే సెన్సరు కదలకుండా ఉంటుందట. కొత్త హ్యాండిలుకి ఆ బెజ్జం లేదు. భాయ్ పాత హ్యాండిలు చుట్టూ కాగితం చుట్టి గుర్తు పెట్టి, అదే కాగితం కొత్తదాని చుట్టూ చుట్టి, రెండుసార్లు సరిచూసి డ్రిల్లు పెట్టాడు. మా పెద్దమ్మాయి పెళ్ళికి ముహూర్తం కూడా అంత జాగ్రత్తగా చూడలేదు. సెన్సరు వైరు పొట్టిదైతే క్లిప్పులు విప్పి సర్దాడు. కొత్త గ్రిప్పు చివర రాసుకోకుండా బియ్యపుగింజంత సందు వదిలాడు. అంతా బిగించాక కీ తిప్పాడు. మీటరులో పసుపు లైటు వెలిగింది. ఇంజను స్టార్టు చేస్తే పెరుగుతూ తగ్గుతూ తనలో తాను గొణుక్కుంటోంది.

భాయ్ గుంటూరులో తనకు తెలిసిన ఇంకో మెకానిక్కుకి ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. అవతలి మనిషి ఏదో తింటూ మాట్లాడుతున్నాడు.

“అదేం లేదు భాయ్. కీ ఆన్ చెయ్యి, ఇంజను స్టార్ట్ చెయ్యమాక. అర నిమిషం యాక్సిలరేటరు ముట్టుకోకుండా వదిలెయ్యి. సున్నా ఎక్కడో అది నేర్చుకుంటది. కీ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే లైటు పోద్ది.”

“అంతేనా?”

“అంతే. అర నిమిషం ఎవరూ ముట్టుకోకూడదు.”

ఈ పని ఇంకో దేశంలో అర నిమిషంలో అయిపోయేది. మా ప్రాంతంలో ఆగి ఉన్న బండి పక్కన మనిషి ఊరికే నిలబడడు. ఒక చెయ్యి హ్యాండిలు మీద వేస్తాడు. వేసిన చెయ్యి యాక్సిలరేటరు తిప్పుతుంది. బండి ఎవరిదైనా సరే. మిరప తోటలో తామర పురుగు సంగతి మాట్లాడుతున్నా, పెళ్ళి సంబంధం సంగతి మాట్లాడుతున్నా, ముఖ్యమైన మాట దగ్గర ఒకసారి తిప్పుతాడు. పరామర్శకి వచ్చినవాడు కూడా వాకిట్లో ఆగి ఉన్న బండిని తిప్పుతూనే “పాపం, ఎన్ని గంటలకి పోయారు?” అంటాడు. కేబులు ఉన్నన్నాళ్ళు అది ఎవరికీ నష్టం లేదు. స్ప్రింగు లాగి వెనక్కి తెస్తుంది. ఈ బండి మాత్రం అర నిమిషం మనుషుల్ని నమ్మి కళ్ళు తెరుచుకుని చూస్తోంది, ఏది సున్నానో చెప్పండి అని.

మొదటిసారి భాయే చెడగొట్టాడు. ఎడమ చేత్తో కీ తిప్పగానే కుడి చెయ్యి దానంతటదే వెళ్ళి గ్రిప్పుని రెండుసార్లు మెలిపెట్టింది. “అయ్యయ్యో, అలవాటన్నా,” అని నాలిక కరుచుకున్నాడు.

రెండోసారి భాయ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పది దాకా లెక్కపెట్టామో లేదో, మోపెడ్డు బాగు చేయించుకోవడానికి ఒక రైతు వచ్చాడు. “కొత్తదా బాబాయ్?” అంటూనే తిప్పాడు.

“ఒరేయ్, చెయ్యి తియ్యరా!” అని అరిచాను.

“ఏంది బాబాయ్, తిప్పితే అరిగిపోద్దా?” అని ఇంకోసారి తిప్పి చూపించాడు.

మూడోసారి టీ కొట్టాయన గ్లాసులు పట్టుకొచ్చాడు. ముందే చెప్పాను, దీన్ని ముట్టుకోకండి మహాప్రభో అని. “నాకెందుకండీ,” అని గ్లాసులు ఇచ్చాడు. ఖాళీ అయిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచక దాని మీదే పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ జనానికి ఒక వస్తువుని అర నిమిషం దాని మానాన దాన్ని వదిలేయడం చేతకాదని, అందుకే మనం ఇలా ఉన్నామని, అక్కడున్న వాళ్ళందరికీ వినపడేలా ఒక ఉపన్యాసం ఇచ్చాను. మోపెడ్డు రైతు శ్రద్ధగా విన్నాడు. వింటూ తన మోపెడ్డు యాక్సిలరేటరు తిప్పుకుంటున్నాడు.

“షట్టరు దించెయ్ భాయ్,” అన్నాను.

సగం దించాడు. లోపల ముగ్గురమే మిగిలాం. భాయ్ కీ తిప్పి, నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. మా ఆవిడ స్టూలు లోపలికి జరుపుకుని కూర్చుంది. నేను బండికి కుడి వైపున కాపలాగా నిలబడ్డాను. ముప్పై దాకా పైకే లెక్కపెట్టాను. కీ ఆపి మళ్ళీ తిప్పాడు. లైటు పోలేదు.

మళ్ళీ చేశాం. లైటు పోలేదు.

“ఎవరూ ముట్టుకోలేదు,” అన్నాను. “నేను ఇక్కడే ఉన్నాగా. ఇది నీ బెజ్జం తేడా భాయ్. వంకరగా వేశావు.”

భాయ్ అంతా మళ్ళీ విప్పాడు. బొడిపె బెజ్జంలో చక్కగా కూర్చుని ఉంది. నాకు చూపించాడు. “పాతికేళ్ళ నుంచి చేస్తున్నానన్నా ఈ పని.”

“పాతికేళ్ళూ కేబుళ్ళేగా చేసింది,” అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. తల వంచుకుని మళ్ళీ బిగించాడు. కీ తిప్పి గోడ దగ్గరికి వెళ్ళాడు. నేను ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాను. పదకొండు దగ్గర మా ఆవిడ, “ఏవండీ, చెయ్యి తియ్యండి,” అంది.

“ఎవరి చెయ్యి?”

“మీదే.”

నా చెయ్యి పెట్రోలు ట్యాంకు మీద ఉందనుకుంటున్నాను నేను. చూశాను. ట్యాంకు మీద లేదు. కొత్త గ్రిప్పు మీద ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు, అరచేతి అంచు మెత్తగా దాని మీద వాలి ఉన్నాయి. గ్రిప్పు కొద్దిగా, చాలా కొద్దిగా, సీటు వైపు తిరిగి ఉంది. అందరినీ తరిమేసి, షట్టరు దింపించి, కాపలా ఉండి మరీ నేనే తిప్పుతున్నాను. నాకు ఏమీ తెలియలేదు.

గభాలున లాగేసుకుని, “అలవాటు,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఈసారి నన్ను చేతులు కట్టుకుని దూరంగా నిలబడమన్నాడు భాయ్. నిలబడ్డాను. ముప్పై లెక్క అయ్యాక కీ ఆపి తిప్పితే లైటు పోయింది. ఇంజను స్టార్టు చేస్తే ఒకే తీరుగా, గొణుగుడు లేకుండా తిరుగుతోంది. బండి బాగైంది.

“కూర్చోన్నా,” అన్నాడు.

కూర్చున్నాను. హ్యాండిలు నా దగ్గరికి వచ్చి మరీ చేతుల్లో పడింది. మోచేతికి నొప్పి లేదు. వంగాల్సిన పని లేదు. గ్రిప్పు లావుగా హాయిగా ఉంది. పద్నాలుగు నెలల తర్వాత నా కింద నా బండి. నిజం చెప్తున్నాను, నాకు ఆ నిమిషంలో ముప్పై ఏళ్ళు తగ్గాయి. బండి న్యూట్రల్లో ఉంది. భాయ్ షట్టరు పైకెత్తాడు. ఎదురుగా రోడ్డు మీద పత్తి లారీ పోతోంది, పక్కన తుమ్మ చెట్ల ముళ్ళకి లారీల మీంచి ఎగిరిన పత్తి పోగులు వేలాడుతున్నాయి.

మా ఆవిడ లేచి వచ్చి బండి పక్కన నిలబడింది. “అలా రోడ్డు వైపే చూస్తూ ఉండండి. చెయ్యి ఊరికే పెట్టి ఉంచండి,” అంది.

రోడ్డు వైపు చూస్తున్నాను. లారీ మలుపు తిరిగింది. ఇంజను చప్పుడు మెల్లగా పెరగడం మొదలైంది.

“భాయ్, మళ్ళీ మొదలైంది చూడు,” అన్నాను.

భాయ్ ఇంజను వైపు చూడటం లేదు. నా చెయ్యి వైపు చూస్తున్నాడు. మా ఆవిడ కూడా. నేనూ చూశాను. మొద్దు వేళ్ళ బరువుకి గ్రిప్పు కిందికి జారుతోంది. పాత కేబులైతే స్ప్రింగు ఎదురు లాగేది, ఆ లాగుడు మోచేతికైనా తెలిసేది. దీని స్ప్రింగు లాగినట్టే ఉండదు. వేలు ఆనిస్తే తిరిగే బండి కావాలని ఏరికోరి తెచ్చుకున్నాను. ఆనించింది తెలియని వేళ్ళు నావి.

ఆమె చెయ్యి చాపి కీ ఆపేసింది.

“ఎప్పట్నుంచి?” అంది.

“మొదట్నుంచీ.”

“తగ్గిందన్నారు.”

“తగ్గుతుందనుకున్నాను.”

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. మా ఇంట్లో గ్లాసు కింద పెట్టకపోయినా తిడుతుంది. తిట్టలేదు. చెయ్యిని తన చేతిలోకి తీసుకుని చిటికెన వేలిని నొక్కి చూసింది. నా మొహంలోకి చూసింది. ఇంకా గట్టిగా నొక్కింది. మళ్ళీ నా మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ బండి మీద నేను రోడ్డెక్కి ఉంటే, ఏ బడి ముందో, ఏ కళ్ళం పక్కనో, చెయ్యి దానంతటది తిప్పుకుంటూ పోయేది. నేను ఎటో చూస్తూ ఉండేవాణ్ణి.

దిగాను. స్టాండు వేశాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, “బెజ్జం సరిగ్గానే వేశావు భాయ్,” అన్నాను.

“అది నాకు తెలుసన్నా,” అన్నాడు ఆయన. తర్వాత, “బండి ఇక్కడే ఉంటదిలే,” అన్నాడు.

“ఉండనియ్యి. ఎవరన్నా అడిగితే చూపించు.”

నేను ఇంకోసారి దాని వైపు చూడకుండా బయటికి వచ్చాను. మోపెడ్డు రైతు, “ఏం బాబాయ్, బాగైందా?” అని అడిగాడు. “బ్రహ్మాండంగా ఉంది,” అన్నాను.

మా ఆవిడ స్కూటరు తిప్పి నిలబెట్టింది. వెనక ఎక్కాను. ఇన్నాళ్ళూ ఎక్కిన ప్రతిసారీ అడిగే మాటే అడిగింది.

“పట్టుకున్నారా?”

“ఆఁ, పట్టుకున్నాను.”

బండి కదల్లేదు. ఆమె తల తిప్పకుండానే, “చూసి చెప్పండి,” అంది.

చూశాను. సీటు పక్కన ఇనప కమ్మీ మీద ఎడమ చెయ్యి గట్టిగానే బిగుసుకుని ఉంది. కుడి చెయ్యి కమ్మీ మీదే ఉంది గానీ, వేళ్ళు ముడుచుకోలేదు, ఊరికే పడి ఉన్నాయి.

“లేదు,” అన్నాను.

ఆమె కుడి చెయ్యి వెనక్కి చాచి, నా కుడి చేతిని తీసుకెళ్ళి తన పొట్ట మీద పెట్టుకుని, పైన తన పమిట చెంగు కప్పి మోచేత్తో అదిమి పట్టింది. బజారంతా చూస్తూనే ఉంది. అప్పుడు బండి కదిలింది.